‘రబ్బర్ సోల్’లో మొదటి పాట ఏది? మీ జ్ఞాపకంలోని రాక్ ఆల్బమ్ ఏ దేశానిదో తేల్చుకుని, మళ్లీ అలాగే వినడం ఎలా

ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ ఆల్బమ్ ‘రబ్బర్ సోల్’లో మొదటి పాట ఏదని ఇద్దరు పాత అభిమానుల్ని అడిగి చూడండి. ఒకరు తడుముకోకుండా ‘డ్రైవ్ మై కార్’ అంటారు. ఇంకొకరు అంతే ధీమాగా ‘ఐవ్ జస్ట్ సీన్ ఎ ఫేస్’ అంటారు. పందెం కాస్తే ఇద్దరూ గెలుస్తారు. 1965 డిసెంబర్ 3న ఇంగ్లండ్‌లో పార్లోఫోన్ కంపెనీ 14 పాటలతో వేసింది ఒక రికార్డు. మూడు రోజుల తర్వాత అమెరికాలో కాపిటల్ కంపెనీ 12 పాటలతో వేసింది మరో రికార్డు. పేరు అదే, అట్ట మీద ఫొటో అదే, లోపలి సరుకు వేరు.

1987లో బీటిల్స్ ఆల్బమ్‌లు సీడీలుగా వచ్చినప్పుడు ఇంగ్లండ్ వరసనే ప్రపంచమంతటికీ ఖాయం చేశారు. ఫోన్‌లో ఇవాళ మామూలుగా ఎదురయ్యేదీ అదే. దాంతో అమెరికాలో ఇరవై ఏళ్లకు పైగా జనం అరగదీసి విన్న వరస వెనక్కి పోయింది. అప్పట్లో విన్నవాళ్లకు మాత్రం అది చెవుల్లోంచి పోలేదు. ఇప్పుడు వింటుంటే ఎక్కడో మెట్టు తప్పినట్టు ఉంటుంది, కారణం తెలియదు.

కారణం పెద్ద రహస్యమేం కాదు, డబ్బు. అమెరికాలో పాటల హక్కుదారులకు పాటకింత అని లెక్కగట్టి ఇవ్వాలి. రెండు పాటలు తగ్గిస్తే కంపెనీకి ఆ మేరకు మిగులు. ఇంగ్లండ్‌లో మొత్తం రికార్డుకు ఇంత శాతం అని ఒకటే లెక్క, పాటలు పన్నెండైనా పద్నాలుగైనా తేడా లేదు. పైగా సింగిల్‌గా, అంటే విడిగా చిన్న రికార్డుగా వచ్చిన పాటను మళ్లీ ఎల్పీలో, అంటే పెద్ద రికార్డులో పెడితే కొన్నవాళ్ల దగ్గర రెండుసార్లు వసూలు చేసినట్టని అక్కడ అనుకునేవారు. అమెరికాలోనేమో హిట్ సింగిల్ లేని ఎల్పీ కదలదని నమ్మకం. ఆల్బమ్‌ల నుంచి తీసేసిన పాటలు, మిగిలిపోయిన సింగిల్స్ పోగేస్తే ఇంకో ఎల్పీ తయారు. 1966లో కాపిటల్ వేసిన ‘యెస్టర్‌డే అండ్ టుడే’ అలా పుట్టిందే.

మీరు విన్నదో, మీ ఇంట్లో పెద్దవాళ్లు విన్నదో ఏ దేశపు రికార్డో తేల్చుకుని, ఆ వరసను మళ్లీ కూర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. పనుల వరస మాత్రం తప్పకండి, ముఖ్యంగా మొదటిది.

1. ముందు కాగితం, తర్వాతే ఫోన్

ఆల్బమ్ పాటల జాబితాను ఎక్కడా చూడకండి. ఒక్కసారి చదివారంటే తర్వాత గుర్తొచ్చేది అప్పటి వరసో, ఇప్పుడు చదివిన వరసో విడదీయలేరు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

కాగితం మీద మూడే ప్రశ్నలు రాసుకోండి. సూది పెట్టగానే వినపడేది ఏ పాట? రికార్డు తిప్పడానికి లేచేముందు ఏ పాట అయిపోయేది? ఒక పాట ఆగగానే, తర్వాతది మొదలవకముందే, బుర్రలో ఏ పాట మోగేది? మూడింటిలోనూ నమ్మదగ్గది ఆఖరిదే. మొదటి పాట రేడియోలో విన్నదై ఉండవచ్చు, పేరున్నది కాబట్టి గుర్తుండిపోవచ్చు. ఒక పాట తోకకు ఇంకో పాట తల అతుక్కోవడం మాత్రం అదే రికార్డును పదేపదే వింటేనే జరుగుతుంది. ‘మిషెల్’ అయిపోగానే లేచి రికార్డు తిప్పాలనిపిస్తే అది అమెరికా ‘రబ్బర్ సోల్’ అనడానికి గట్టి ఆధారమేమీ కాదు, ఎందుకంటే రెండు దేశాల్లోనూ మొదటి వైపు ముగిసేది దానితోనే. ‘నార్వీజియన్ వుడ్’కు ముందు ఏముండేదన్న ప్రశ్న అడిగితే తేలిపోతుంది.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు జవాబు మీరే అందించకండి. “బాబాయ్, మొదటిది డ్రైవ్ మై కారే కదా?” అంటే ఆయన “ఆఁ, అదే అయ్యుంటుంది” అని సరిపెట్టేస్తారు. “బాబాయ్, రికార్డు పెట్టగానే ఏం వినపడేది?” అని అడిగి ఊరుకోండి. పేర్లు గుర్తు లేకపోతే కూనిరాగం తీయమనండి. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుంటే పాట ఏదో తీరిగ్గా పోల్చుకోవచ్చు.

2. ఆనవాళ్లతో దేశాన్ని పట్టుకోవడం

ఇప్పుడు కాగితాన్ని కింది ఆనవాళ్లతో పోల్చండి. అన్ని ఆల్బమ్‌లూ ఇక్కడ లేవు, తేడా కొట్టొచ్చినట్టు కనిపించేవే ఇచ్చాం.

బీటిల్స్ ‘రివాల్వర్’ (1966) రెండు దేశాల్లోనూ ‘టాక్స్‌మన్’తో మొదలై ‘టుమారో నెవర్ నోస్’తో ముగుస్తుంది కాబట్టి మొదలూ చివరా పనికిరావు. అడగాల్సింది ‘ఐయామ్ ఓన్లీ స్లీపింగ్’, ‘అండ్ యువర్ బర్డ్ కెన్ సింగ్’, ‘డాక్టర్ రాబర్ట్’ సంగతి. ఇవి ‘రివాల్వర్’లో ఉన్నట్టు గుర్తుంటే ఇంగ్లండ్ రికార్డు, వేరే దేంట్లోనో విన్నట్టుంటే అమెరికా రికార్డు. కాపిటల్ ఈ మూడింటినీ ‘రివాల్వర్’ కంటే ముందే ‘యెస్టర్‌డే అండ్ టుడే’లో వాడేసింది. మూడూ జాన్ లెనన్ పాడినవే. అందుకే అమెరికా ‘రివాల్వర్’లో లెనన్ ముఖ్య గాయకుడిగా రెండు పాటలే మిగిలాయి, జార్జ్ హారిసన్‌కు మూడు. ఆ ఏడు లెనన్ వెనకబడ్డాడని ఎవరైనా అంటే వాళ్ల చేతిలో ఏ రికార్డు ఉండేదో ముందు కనుక్కోండి.

రోలింగ్ స్టోన్స్ ‘ఆఫ్టర్‌మాత్’ (1966) తేల్చడం తేలిక. ‘మదర్స్ లిటిల్ హెల్పర్’తో మొదలైతే ఇంగ్లండ్, ‘పెయింట్ ఇట్ బ్లాక్’తో మొదలైతే అమెరికా. ఇంకో గుర్తు: పదకొండు నిమిషాలు దాటే ‘గోయిన్ హోమ్’ ఇంగ్లండ్ రికార్డులో మొదటి వైపు చివర వస్తుంది, అమెరికా రికార్డులో అదే ఆఖరి పాట. ఆ పాట అయ్యాక రికార్డు తిప్పేవారా, తీసి అట్టలో పెట్టేసేవారా అని అడిగితే చాలు.

జిమి హెండ్రిక్స్ ‘ఆర్ యూ ఎక్స్‌పీరియన్స్‌డ్’ (1967) ఇంగ్లండ్‌లో ‘ఫాక్సీ లేడీ’తో, అమెరికాలో ‘పర్పుల్ హేజ్’తో మొదలవుతుంది. అమెరికా వాళ్లు ‘రెడ్ హౌస్’, ‘కెన్ యూ సీ మీ’, ‘రిమెంబర్’ తీసేసి, ‘పర్పుల్ హేజ్’, ‘హే జో’, ‘ద విండ్ క్రైస్ మేరీ’ పెట్టారు. అట్టలు కూడా వేరు. చేపకన్ను లెన్సుతో తీసిన గుండ్రటి ఫొటో గుర్తుంటే అది అమెరికాది.

పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్ ‘ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్’ (1967) ఇంగ్లండ్‌లో ‘ఆస్ట్రానమీ డామినే’తో మొదలవుతుంది. అమెరికాలో దాన్ని తీసి ‘సీ ఎమిలీ ప్లే’ సింగిల్‌ను ముందు పెట్టారు. ‘ఫ్లేమింగ్’, ‘బైక్’ కూడా ఎగిరిపోయాయి. ఆఖరి పాట ‘బైక్’, ఆ చివర బాతు అరుపులాంటి గోల గుర్తుంటే ఇంగ్లండ్ రికార్డే.

ద హూ ‘మై జనరేషన్’, క్రీమ్ ‘ఫ్రెష్ క్రీమ్’ల్లోనూ మార్పులున్నాయి. క్రీమ్ రికార్డులో ఇంగ్లండ్‌లో ఉన్న ‘స్పూన్‌ఫుల్’ స్థానంలో అమెరికాలో ‘ఐ ఫీల్ ఫ్రీ’ వచ్చింది. ఏసీ/డీసీది ఆస్ట్రేలియా గొడవ: 1975లో అక్కడ వచ్చిన ‘హై వోల్టేజ్’, 1976లో బయటి దేశాల్లో అదే పేరుతో వచ్చినది దాదాపు వేర్వేరు ఆల్బమ్‌లు. బయట వచ్చిన దాంట్లో ఎక్కువ పాటలు వాళ్ల రెండో ఆస్ట్రేలియా ఆల్బమ్ ‘టీఎన్‌టీ’వి.

స్పెయిన్‌ది ఇంకో తరహా, అక్కడ అడ్డొచ్చింది డబ్బు కాదు, సెన్సార్. రోలింగ్ స్టోన్స్ ‘స్టికీ ఫింగర్స్’ (1971) అట్ట మీది జీన్స్ ప్యాంటు బదులు డబ్బాలోంచి పైకి వచ్చిన వేళ్ల బొమ్మ పెట్టి, ‘సిస్టర్ మార్ఫిన్’ తీసేసి ‘లెట్ ఇట్ రాక్’ కచేరీ రికార్డింగ్ చేర్చారు.

3. ఎక్కడ కొన్నారు, ఏ ఏడు కొన్నారు

పాటల ఆనవాళ్లు అటూఇటూగా ఉంటే ఇది తేలుస్తుంది. ఇండియాలో బీటిల్స్ ఎల్పీలను గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చు వేసేది. పార్లోఫోన్ లేబుల్, ఇంగ్లండ్ వరస. 1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లిన మన డాక్టర్లు, ఇంజనీర్లు అక్కడి షాపుల్లో కొన్నవి కాపిటల్ రికార్డులు. అందుచేత ఒకే ఇంట్లో హైదరాబాద్‌లో ఉండిపోయిన పెదనాన్న చెప్పే వరస, చికాగోలో స్థిరపడ్డ బాబాయి చెప్పే వరస కలవకపోతే ఎవరినీ సరిదిద్దకండి. ఇద్దరి వరసలూ విడివిడిగా రాసుకోండి.

1987 తర్వాత సీడీతో మొదలుపెట్టినవాళ్లు ఏ దేశంలో ఉన్నా బీటిల్స్‌ను ఇంగ్లండ్ వరసలోనే విన్నట్టు. ‘మేజికల్ మిస్టరీ టూర్’ ఒక్కటే దీనికి తలకిందులు. 1967లో అది ఇంగ్లండ్‌లో ఆరు పాటల జంట ఈపీగా (రెండు చిన్న రికార్డులుగా) వచ్చింది, అమెరికాలో 11 పాటల ఎల్పీగా వచ్చింది. సీడీకి అమెరికా ఎల్పీనే తీసుకున్నారు.

4. రికార్డు చేతిలో ఉంటే

అట్టను నమ్మకండి, రికార్డును నమ్మండి. పాత షాపుల్లో ఒక అట్టలో ఇంకో దేశపు రికార్డు ఉండటం మామూలే. ముందు లేబుల్ మీది నంబరు చూడండి. ఇంగ్లండ్ పార్లోఫోన్‌లో మోనోకు (రెండు వైపులా ఒకే మోత) పీఎంసీ, స్టీరియోకు (ఎడమ, కుడి వేర్వేరు) పీసీఎస్ అని ఉంటుంది, ‘రివాల్వర్’ అయితే 7009. అమెరికా కాపిటల్‌లో మోనోకు టీ, స్టీరియోకు ఎస్‌టీ: ‘రబ్బర్ సోల్’ 2442, ‘యెస్టర్‌డే అండ్ టుడే’ 2553, ‘రివాల్వర్’ 2576.

తర్వాత, పాట ముగిసే గాడికీ లేబుల్‌కీ మధ్య నున్నగా ఉండే పట్టీ చూడండి. అంచులు పట్టుకుని, వేలు గాళ్లకు తగలకుండా రికార్డును కంటికి ఎదురుగా దాదాపు అడ్డంగా ఎత్తండి. ఫోన్ టార్చిని పైనుంచి కాకుండా పక్కనుంచి, రికార్డు అంచు ఎత్తులో పట్టండి. పైనుంచి వేస్తే మెరుపు తప్ప ఏమీ కనిపించదు. పక్క వెలుగులో గీసిన అక్షరాలు నీడలతో తేలతాయి. పార్లోఫోన్‌లో మోనోకు ఎక్స్ఈఎక్స్, స్టీరియోకు వైఈఎక్స్‌తో మొదలయ్యే నంబరు ఉంటుంది, చివర గీతా అంకె ఆ అచ్చు కోసం గాడులు కోసింది ఎన్నోసారో చెబుతుంది. ‘రివాల్వర్’ మోనో రెండో వైపు ఎక్స్ఈఎక్స్ 606-1 అని ఉంటే దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టండి. ‘టుమారో నెవర్ నోస్’ వేరే మిక్స్‌తో (గొంతులు, వాద్యాలు కలిపిన తీరు) వెళ్లిపోయిన తొలి అచ్చు అది, వెంటనే మార్చేశారు.

‘యెస్టర్‌డే అండ్ టుడే’ దొరికితే ఒక హెచ్చరిక. మొదటి అట్ట మీద బీటిల్స్ కసాయి కోట్లలో, మాంసం ముక్కలతో ఉన్న ఫొటో మీద గోల లేచి, కాపిటల్ చాలా అట్టల మీద ట్రంకు పెట్టె ఫొటో అతికించి అమ్మింది. ట్రంకు కుడి పక్కన తెల్లటి చోట, మధ్య ఎత్తులో నల్లటి ‘వి’ ఆకారం లీలగా కనిపిస్తే కింద పాత ఫొటో ఉందన్నమాట, అది బీటిల్స్ డ్రమ్మర్ రింగో చొక్కా మెడ. నీళ్లతోనో ఆవిరితోనో ఊడదీయడానికి మీరు దిగకండి. పైకాగితంతో పాటు కిందిదీ చిరుగుతుంది, విలువ పోతుంది.

5. ఎడమ చెవి, కుడి చెవి

పాటల వరసే కాదు, మోత కూడా మారింది. స్టీరియో మాస్టర్ (అసలు టేపు) చేతికి అందనప్పుడు కాపిటల్ మోనో టేపునే రెండు ఛానళ్లుగా చీల్చి, ఒకదానికి బొంగురు, ఇంకోదానికి కీచు ఎక్కువ చేసి, కొంచెం ఆలస్యం కలిపి ‘డ్యుయోఫోనిక్’ పేరుతో స్టీరియోగా అమ్మింది. కొన్నిటికి ప్రతిధ్వని కూడా జోడించారు. ‘బీటిల్స్ 65’ స్టీరియో రికార్డులో ‘ఐ ఫీల్ ఫైన్’, ‘షీజ్ ఎ ఉమన్’ బావిలోంచి పాడినట్టు వినపడేది అందుకే.

తేల్చుకోవాలంటే ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో ఉండే ఆడియో బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు, తర్వాత పూర్తిగా కుడికి జరపండి. ఒకవైపు గొంతులు, ఇంకోవైపు వాద్యాలు విడిగా వినిపిస్తే నిజమైన స్టీరియో. రెండువైపులా అన్నీ ఉండి, ఒకటి దుప్పటి కప్పినట్టు, ఇంకోటి రేకు డబ్బాలా ఉంటే డ్యుయోఫోనిక్. ఆ మోత నాసిరకమే, ఒప్పుకోవాలి. అయినా దానితోనే ప్రేమలో పడ్డ చెవికి శుభ్రమైన మిక్స్ పలచగా అనిపిస్తుంది, దాన్ని తప్పుపట్టడానికి లేదు.

6. వరస మళ్లీ కూర్చడం

అమెరికా ‘రబ్బర్ సోల్’తో మొదలుపెట్టండి, తేడా బాగా తెలిసేది దీంట్లోనే. రెండు వైపులకు రెండు ప్లేలిస్టులు చేయండి, ఒక్కటి చేయకండి. రికార్డు తిప్పే విరామం కూడా ఆల్బమ్‌లో భాగమే.

మొదటి వైపు: ఐవ్ జస్ట్ సీన్ ఎ ఫేస్, నార్వీజియన్ వుడ్, యూ వోంట్ సీ మీ, థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్, ద వర్డ్, మిషెల్.

రెండో వైపు: ఇట్స్ ఓన్లీ లవ్, గర్ల్, ఐయామ్ లుకింగ్ త్రూ యూ, ఇన్ మై లైఫ్, వెయిట్, రన్ ఫర్ యువర్ లైఫ్.

రెండు వైపుల్లోనూ మొదటి పాట ఇంగ్లండ్ ‘హెల్ప్!’ ఆల్బమ్‌లోది, అక్కణ్నుంచి తెచ్చుకోండి. మిగతా పదీ ఇప్పటి ‘రబ్బర్ సోల్’లోనే ఉన్నాయి. ‘డ్రైవ్ మై కార్’, ‘నోవేర్ మ్యాన్’, ‘వాట్ గోస్ ఆన్’, ‘ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్’ పోయాయి. కరెంటు గిటార్ల దరువుతో కాకుండా అకూస్టిక్ గిటార్ల పరుగుతో ఆల్బమ్ మొదలవడంతో మొత్తం రంగే మారుతుంది. అమెరికాలో చాలామంది దీన్ని జానపదం వైపు మొగ్గిన రికార్డుగా గుర్తుపెట్టుకోవడానికి ఆ రెండు పాటల మార్పిడి చాలింది. బీచ్ బాయ్స్ బృందపు బ్రయన్ విల్సన్‌ను ‘పెట్ సౌండ్స్’ ఆల్బమ్ వైపు నడిపించిందీ ఈ 12 పాటల రికార్డే.

‘రివాల్వర్’కు ఇంత శ్రమ లేదు. ఇప్పటి వరసలోంచి పైన చెప్పిన మూడు పాటలూ తీసేయండి, అంతే. ‘షీ సెడ్ షీ సెడ్’తో మొదటి వైపు ముగుస్తుంది. హెండ్రిక్స్ ఆల్బమ్‌కు కొత్త ఎడిషన్లలో 17 పాటలుంటాయి. మీది ఏ దేశపు వరసైనా 11వ పాట దగ్గర ఆపాలి, తర్వాతవి అతుకులు. స్టోన్స్ ఆల్బమ్ అయితే పేరు పక్కన ‘యూకే’ అని ఉందో లేదో చూసి ఎంచుకోండి. ‘అవుట్ ఆఫ్ అవర్ హెడ్స్’ విషయంలో అట్ట చూసి మోసపోకండి: ఇంగ్లండ్‌లో దానికి వాడిన ఫొటోనే అమెరికాలో ‘డిసెంబర్స్ చిల్డ్రన్’కు పెట్టారు.

తర్వాత యాప్ సెట్టింగ్స్. క్రాస్‌ఫేడ్ ఆపేయండి. అది ఉంటే ఒక పాట తోక మీద ఇంకో పాట ఎక్కుతుంది, మీరు వెతుకుతున్న ఆ రెండు మూడు క్షణాల నిశ్శబ్దమే పోతుంది. షఫుల్, ఆటోప్లే కూడా ఆపండి. ఆటోప్లే ఉంటే ‘మిషెల్’ అయిపోగానే యాప్ తనకు తోచిన పాట ఎత్తుకుంటుంది.

ఏ రికార్డింగ్ ఎంచుకోవాలన్నది ఆఖరి చిక్కు. ‘హెల్ప్!’, ‘రబ్బర్ సోల్’లను 1987 సీడీ కోసం బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ మళ్లీ మిక్స్ చేశారు, 2009 స్టీరియో రీమాస్టర్ ఆ మిక్స్ నుంచి వచ్చిందే. 1965 స్టీరియో మిక్సులు కావాలంటే 2009లో వచ్చిన మోనో సీడీల పెట్టెలోని ఈ రెండు సీడీల్లోనే చివర ఉన్నాయి. అమెరికా స్టీరియో రికార్డు విన్నవాళ్లకు ఇంకో లోటు తెలుస్తుంది. అందులో ‘ఐయామ్ లుకింగ్ త్రూ యూ’ మొదట గిటార్ రెండుసార్లు ఎత్తుకుని ఆగిపోతుంది, మూడోసారికి గానీ పాట అందుకోదు. మిగతాచోట్ల ఆ తడబాటు కత్తిరించేశారు. 2006లో వచ్చిన ‘ద కాపిటల్ ఆల్బమ్స్’ రెండో సంపుటంలో అది అలాగే ఉంది.

7. సరిపోయిందో లేదో చూడటం

ప్లేలిస్టు ఎవరి కోసం చేశారో వాళ్లకు పేర్లు చూపించకుండా, ఫోన్ బోర్లించి వినిపించండి. పాట అడగకండి, మాట్లాడకండి. ఒక పాట ఆగి ఇంకోటి మొదలయ్యే సందులో మనిషిని గమనించండి. తర్వాతి పాట మొదటి స్వరం ముందే అందుకున్నా, వేలు ముందే కదిలినా వరస కుదిరినట్టు.

రెండు మూడు చోట్ల కుదిరి, ఒకచోట మాత్రం ప్రతిసారీ తడబడితే ప్లేలిస్టు మార్చకండి, వాళ్లు విన్నది క్యాసెట్టా అని అడగండి. క్యాసెట్ రెండు వైపులా నిడివి సమానంగా రావాలని కంపెనీలు ఒకటి రెండు పాటల్ని అటూఇటూ మార్చేవి. అమెరికాలో కారులో విన్నామంటే అది ఎయిట్ ట్రాక్ టేపు కావచ్చు. దాంట్లో నాలుగు భాగాలు సమానంగా సర్దాలి కాబట్టి వరస ఇంకా చెదిరేది, ఒక్కోసారి పాట మధ్యలో మోత తగ్గి, టక్కుమని శబ్దం వచ్చి, మళ్లీ అందుకునేది. పింక్ ఫ్లాయిడ్ ‘యానిమల్స్’ (1977) ఎయిట్ ట్రాక్‌లో అయితే ఎల్పీకి మొదటా చివరా విడిగా ఉన్న ‘పిగ్స్ ఆన్ ద వింగ్’ రెండు ముక్కల్నీ గిటారిస్ట్ స్నోయీ వైట్ వాయించిన సోలోతో కలిపేశారు. అలాంటిది గుర్తుందని ఎవరైనా అంటే ఎల్పీ పట్టుకుని కాదనకండి. ఆ టేపు నంబరు ఏమిటో, ఇంకా అటక మీద ఉందేమో అడగండి.